తొమ్మిది వచ్చే చిరునామా

భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళూ, రొయ్యలూ పరీక్ష చేసే చిన్న లాబ్ ఒకటుంది. అక్కడి కంప్యూటర్లు చూసే పని ఏడేళ్ళుగా నాది. అంతకు ముందు ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు లెక్కపెట్టేవాణ్ణి. లారీలోకి ఎన్ని ఎక్కాయి, ఎక్కించేటప్పుడు ఎన్ని విరిగాయి, దించేచోట ఎన్ని మిగిలాయి. ఈ మూడూ సరిపోతేనే నాకు అన్నం సయించేది. చదివింది ఇంటర్. కంప్యూటర్ ఎవరూ నేర్పలేదు. ఫ్యాక్టరీ ఆఫీసులో పాడైపోయిందని మూలన పడేసిన యంత్రాన్ని అడిగి ఇంటికి తెచ్చుకుని, విప్పి, బిగించి, ఆరు నెలలు దాని ముందు కూర్చున్నాను.

నెట్‌వర్క్ నాకు తొందరగా పట్టుబడటానికి కారణం అందులో ఉన్నవన్నీ అంకెలే కావడం. ప్రతి యంత్రానికీ ఒక అంకెల చిరునామా ఉంటుంది. అది తెలిస్తే దాని దగ్గరికి వెళ్ళొచ్చు. అంకెలు మనుషులకి గుర్తుండవు కాబట్టి వాటికి పేర్లు పెట్టుకున్నారు. పేరు చెబితే చిరునామా చెప్పే పట్టికను డీఎన్ఎస్ అంటారు. నాకు పేర్ల కంటే అంకెలే బాగా గుర్తుంటాయి. అందుకే కాబోలు, ఏ బడిలోనూ పాఠం చెప్పకపోయినా అందరూ నన్ను మేస్టారు అంటారు.

లాబ్ నడిపేది ఫిషరీస్ చదువుకున్న ఆయన. రైతులు డాక్టరు గారంటారు, నేనూ అంతే. పరీక్ష యంత్రం మీద ఆయనే కూర్చుంటారు. ముందు గదిలో రిసెప్షన్ అమ్మాయి శాంపిళ్ళు తీసుకుంటుంది. ఆ లాబ్‌లో ఒక పద్ధతి ఉంది. శాంపిల్ డబ్బా మీద రైతు పేరు ఉండదు, అంకె ఒక్కటే ఉంటుంది. ఏ అంకె ఎవరిదన్నది సర్వర్‌లో మాత్రమే ఉంటుంది. మొదట్లో పేర్లే రాసేవారు. ఫలానా వాళ్ళ చెరువులో జబ్బు ఉందటగా అని రైతు కంటే ముందే దళారులకి తెలిసిపోయేది. రైతు ఇంటికి చేరేలోపు చెరువు గట్టు మీద బేరగాళ్ళు నిలబడేవారు. అది ఆపాలని డాక్టరు గారు అంకెల పద్ధతి పెట్టారు. వరుస అంకెలైతే ఎవరైనా ఊహించగలరని, వాటిని కలగాపులగం చేసే ఏర్పాటు నేను చేశాను. డబ్బా చూసి డాక్టరు గారికే తెలియదు ఎవరిదో. ఆ ఏర్పాటు గురించి నాకు లోలోపల గర్వంగా ఉండేది.

సర్వర్ అంటే పెద్దదేమీ కాదు. వెనక గదిలో, స్టూలు మీద, ఒక పాత సీపీయూ. దానికి తెర కూడా లేదు. ఉండేది, వాడటం లేదు కదా అని నేనే తీయించాను. ముందు గదిలోంచీ, పరీక్ష గదిలోంచీ ల్యాప్‌టాప్‌లతో దాన్ని చూస్తారు.

కిందటేడు డాక్టరు గారు నన్ను పిలిచి, కాస్త మొహమాటపడుతూ అడిగారు.

"మేస్టారూ, ఆ సర్వర్ నంబరు మొత్తం కూడితే ఎంతొస్తుందండి?"

నేను కాగితం కూడా తీయలేదు. లాబ్‌లో అన్నిటికీ మొదటి మూడు భాగాలూ ఒకటే, 192, 168, 1. ఆ అంకెలన్నీ కూడితే ఇరవై ఎనిమిది. సర్వర్ చివరి భాగం 250, అంటే మరో ఏడు. మొత్తం ముప్పై అయిదు. మూడూ అయిదూ ఎనిమిది.

"ఎనిమిదండి."

"అదేనండి. మా బావగారు లెక్కేసి చెప్పారు. ఎనిమిది శనిదట కదా."

"మీక్కూడా నమ్మకం ఉందాండి?"

"నమ్మకం లేదండి. చెవిన పడ్డాక అనుమానం మాత్రం పోవట్లేదు. బండి నంబరు తొమ్మిది, ఫోన్ నంబరు తొమ్మిది, ఇదొక్కటీ ఎందుకు ఎనిమిది?"

నవ్వాలనిపించలేదు. మా ప్రాంతంలో బండి నంబరు కోసం నెలలు ఆగేవాళ్ళు ఉన్నారు. పైగా నిజం చెప్పాలంటే ఆ కూడిక నాకు ఇష్టమైన పని. మొత్తం ముప్పై ఆరై తొమ్మిది రావాలంటే, చివరి భాగం అంకెలు కూడితే ఎనిమిది కావాలి. ఎనిమిది, పదిహేడు, ఇరవై ఆరు, ముప్పై అయిదు, నలభై నాలుగు. నలభై నాలుగు చూడ్డానికి ముచ్చటగా ఉంది, గుర్తుంచుకోవడమూ తేలిక. సర్వర్‌కి 44 పెట్టాను. రౌటర్‌లోని పేర్ల పట్టికలో పాత చిరునామా తీసి కొత్తది రాశాను. ల్యాప్‌టాప్‌లు రెండూ పాత అంకెనే పట్టుకుని ఒక గంట సేపు ఇబ్బంది పెట్టాయి. వాటి జ్ఞాపకం తుడిచేస్తే సర్దుకున్నాయి. అదంతా నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. డాక్టరు గారు సర్వర్‌కి ఒక అగరొత్తి కూడా వెలిగించారు. పొగ ఫ్యాన్‌లోకి వెళ్తుందని దూరంగా పెట్టించాను.

ఏడాది పాటు ఏ గొడవా లేదు.

ఆ రోజు పొద్దున్న తొమ్మిదిన్నర కాకముందే రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది.

"బాబాయిగారూ, సర్వర్ తెరుచుకోవట్లేదండి. ఎనిమిదింటికి ఒకసారి కరెంటు పోయొచ్చింది. అప్పట్నించీ ఇంతే. కొంచెం తొందరగా రండి, ఇక్కడ ఒకావిడ చాలా కంగారుగా ఉన్నారు."

పది నిమిషాల్లో వెళ్ళాను. ముందు గదిలో కుర్చీ అంచు మీద ఒకావిడ కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళు ఉంటాయి. ఒళ్ళో హెల్మెట్, కాళ్ళ దగ్గర ఖాళీ థర్మోకోల్ పెట్టె. పాలకొల్లు వైపు పల్లె నుంచి స్కూటీ మీద వచ్చింది. రెండు చెరువులు, చిన్నదీ పెద్దదీ, ఆవిడే చూసుకుంటుంది. పక్క చెరువులో వైట్‌స్పాట్ జబ్బు తగిలిందని తెలిసి, ముందు రోజు మధ్యాహ్నం రెండు చెరువుల్లోంచీ రొయ్యలు తెచ్చి ఇచ్చింది.

డాక్టరు గారు లోపల్నుంచి వచ్చి మెల్లగా చెప్పారు. "మేస్టారూ, పదకొండు శాంపిళ్ళలో రెండు పాజిటివ్. అంకెలు నా దగ్గర ఉన్నాయి. ఎవరివో సర్వర్ చెప్పాలి."

"రసీదు మీద లేదాండి?"

"రసీదు మీద శాంపిల్ అంకె వేయొద్దని మనమే కదండీ అనుకున్నాం."

ఆవిడకి వినపడింది. లేచి నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, గట్టు మీద రొయ్యలు పట్టే వలోళ్ళు కూర్చున్నారండి. పదకొండు దాటితే వేరే చెరువుకి వెళ్ళిపోతారు, మళ్ళీ నాలుగు రోజుల దాకా దొరకరు. ఈలోగా కబురు తెలీకపోతే రెండూ పట్టించేస్తాను, తప్పదు. జబ్బున్న చెరువుని నాలుగు రోజులు వదిలేస్తే ఏమీ మిగలదండి."

"పెద్ద చెరువులో ఏ సైజులో ఉన్నాయమ్మా?"

"కిలోకి ఎనభై తూగుతున్నాయండి. ఇంకో నెల ఆగితే యాభై అవుతాయి. జబ్బు లేకుండా ఉంటే ఇప్పుడు పట్టడం పాపమండి."

గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. ఎనభై నిమిషాలు. చాలనుకున్నాను.

నాకొక వరుస ఉంది. ముందు తీగ, తర్వాత అంకె, తర్వాత పేరు, చివర ప్రోగ్రాం. పుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. ఆ వరుస తప్పి ఎప్పుడూ పని చేయలేదు. తీగ చూశాను. సర్వర్ వెనక పచ్చ దీపం వెలుగుతోంది. అంకె చూశాను. నువ్వున్నావా అని అడిగితే ఉన్నానని జవాబు రప్పించే ఆదేశం ఒకటుంది, పింగ్ అంటారు. 44ని అడిగితే జవాబు వచ్చింది. జవాబు రావడానికి పట్టిన కాలం మిల్లీసెకన్లలో పక్కనే పడుతుంది. నాలుగు, ఏడు, ముప్పై ఎనిమిది, అయిదు. పుస్తకంలో రాసుకున్నాను.

ఆ నాలుగు అంకెల దగ్గర ఆగాల్సింది. తీగతో కలిపిన సర్వర్ ఒక మిల్లీసెకను లోపే జవాబిస్తుంది, ఏడేళ్ళుగా అంతే. ముప్పై ఎనిమిది దానికి రావడానికి వీల్లేదు. చూశాను, రాశాను, కరెంటు పోయొచ్చింది కదా, ఏదో తడబాటులే అనుకుని పేజీ తిప్పాను.

తర్వాత పేరు. సర్వర్ పేరు అడిగితే పట్టిక 44 అని సరిగ్గానే చెప్పింది. అయినా నాకు కిందటేడు సంగతి గుర్తొచ్చి, ల్యాప్‌టాప్‌లో పాత అంకె ఏదో మిగిలిపోయిందని అనుమానం పట్టుకుంది. రెండిట్లోనూ జ్ఞాపకం తుడిచాను. రౌటర్‌లో పట్టిక తీసి ప్రతి వరుసా చదివాను. ఇరవై అయిదు నిమిషాలు అక్కడే గడిచాయి. చివరికి సర్వర్‌నే ఆపి మళ్ళీ లేపాను. పాత యంత్రం, లేవడానికి పది నిమిషాలు తీసుకుంది.

"వచ్చిందండి, వచ్చింది," అంది రిసెప్షన్ అమ్మాయి. మొదటి పేజీ కనబడింది. ఆమె పాస్‌వర్డ్ కొట్టేలోపే మళ్ళీ పోయింది.

వచ్చి పోవడం అన్నిటికంటే చెడ్డది. అసలు రాకపోతే కారణం ఒకచోట ఉంటుంది. వచ్చి పోతే ఎక్కడైనా ఉండొచ్చు. పేరు సరే, అంకె సరే, తీగ సరే అయ్యాయి కాబట్టి తప్పు ప్రోగ్రాంలోనే ఉందని తేల్చుకున్నాను. దాని లోపలికి వెళ్ళాలన్నా ఆ నెట్‌వర్క్ మీదే వెళ్ళాలి. అదీ కలుస్తోంది, తెగిపోతోంది. పది ముప్పై అయిదు అయింది.

ఆవిడకి రెండుసార్లు ఫోన్ వచ్చింది. "ఆగండి, ఇంకా కాలేదు, టీ తాగండి, నే చెబుతాను," అని పెట్టేసింది. మూడోసారి ఫోన్ మోగితే ఎత్తలేదు. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. ప్రార్థన చేసుకుంటోందని తెలిసి నేను తల తిప్పుకున్నాను. తర్వాత వెనక గది గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"అన్నయ్యగారూ, ఒకటి అడగొచ్చాండి?"

"అడగమ్మా."

"మా పేర్లు ఆ పెట్టెలోనే ఉన్నాయాండి?"

"ఉన్నాయమ్మా. పోలేదు. దాని దగ్గరికి వెళ్ళే దారి దొరకట్లేదు."

ఆవిడ స్టూలు మీది సీపీయూ వంక చూసింది. అది నా మోకాలికి తగులుతోంది.

"పెట్టె ఇక్కడే ఉంది కదండీ. దారెందుకు? మా చెరువు దగ్గర కెమెరాల పెట్టెకి టీవీ తగిలించుకుని చూస్తామండి. దీనికి తగలదా?"

తగులుతుంది. తెర తగిలించి, కీబోర్డు పెడితే, ఏ నెట్‌వర్కూ అక్కర్లేకుండా ఆ పేర్లు చదవొచ్చు. అది నాకు తెలియని సంగతి కాదు. గంట సేపు నేను వెతికింది కారణం. ఆవిడకి కావలసింది కారణం కాదు, రెండు అంకెలకి రెండు పేర్లు. ఈ రెండూ వేరు వేరు పనులని ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పేదాకా నాకు తట్టలేదు.

ముందు గదిలో గోడకి కొత్త టీవీ ఉంది. రోజూ రొయ్యల ధరలు చూపించడానికి ఆ వారమే కొన్నారు, కాబట్టి నేను దాన్ని చూడటం అదే మొదలు. పెద్దది కాదు, ఒక మనిషి మోయగలడు. స్విచ్ ఆపి, తీగ పీకి, కొక్కేల మీంచి లేపాను. రిసెప్షన్ అమ్మాయి కింద చెయ్యి వేసింది.

"బాబాయిగారూ, కొత్తదండి, జాగ్రత్త. పడిందంటే డాక్టరు గారు మనిద్దర్నీ పరీక్షకి పంపుతారు."

వెనక గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, డాక్టరు గారు లోపల తన ల్యాప్‌టాప్ దగ్గర్నుంచి పిలిచారు. "మేస్టారూ, ఏం చేశారండి? తెరుచుకుంది."

టీవీని చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఈసారి పేజీ పోలేదు. డాక్టరు గారు రెండు అంకెలు కొట్టారు. ఒకటి ఉండి అనే ఊరి వైపు రైతు ఎవరిదో. రెండోది ఆవిడది.

"చిన్న చెరువమ్మా. పాజిటివ్ వచ్చింది. పెద్ద చెరువు శుభ్రంగా ఉంది."

ఆవిడ "మళ్ళీ చదవండి డాక్టరు గారూ," అంది. ఆయన మళ్ళీ చదివారు. ఫోన్ తీసింది.

"ఒరేయ్, చిన్నదాన్లో దిగండి. పెద్దది ముట్టుకోకండి. ఆ వల, ఆ బుట్టలు పెద్ద గట్టు మీద పెట్టకండి. కాళ్ళు కడుక్కోకుండా అటు ఎవరూ నడవద్దు. నేను వస్తన్నా."

గడియారం పది యాభై. హెల్మెట్ పెట్టుకుని, థర్మోకోల్ పెట్టె మర్చిపోయి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక టీవీని మళ్ళీ గోడకి తగిలించి, స్విచ్ వేసి, దాని సెట్టింగ్స్ తెరిచాను. చిరునామా అనే చోట ఏముందో చూడకముందే తెలుసు. 44.

సంగతి ఇది. ఫోన్లకీ, టీవీలకీ రౌటర్ తనంతట తాను చిరునామాలు పంచుతుంది. మా రౌటర్‌లో ఆ పంపకం 2 నుంచి 200 దాకా. అది వరుసగా ఇవ్వదు, ఖాళీగా కనబడినది ఇస్తుంది. నేను మొట్టమొదట సర్వర్‌కి 250 పెట్టింది ఆ హద్దుకి బయట ఉండాలనే. తొమ్మిది కోసం దాన్ని లోపలికి తెచ్చాను. పొద్దున్న కరెంటు వచ్చినప్పుడు టీవీ ముందు లేచింది. సర్వర్ ఇంకా లేవలేదు కాబట్టి 44 ఖాళీగా కనబడి, రౌటర్ దాన్ని టీవీకి ఇచ్చేసింది. తర్వాత సర్వర్ లేచి అదీ నేనే 44 అంది. నేను పింగ్ చేసినప్పుడు ఉన్నానని జవాబు చెప్పింది టీవీ. వైఫై మీద ఉంది కాబట్టే నాలుగు, ఏడు, ముప్పై ఎనిమిది. ఒకే చిరునామా రెండు యంత్రాలు చెప్పుకుంటున్నాయేమో చూసే ఆదేశం నాకు వచ్చు. ఒక వరుస కొడితే చాలు. అంకెలు నావి, కూడిక నాది, తప్పు అక్కడ ఉండదని నేను చూడలేదు.

డాక్టరు గారికి దాచకుండా చెప్పాను. ఆయన టీవీ వంక చూశారు.

"అయితే పాతదే పెట్టేయండి. ఎనిమిదైతే అయింది."

"తొమ్మిదే ఉండొచ్చండి."

"అదెలాగా?"

"251 పెడితే చాలు. రెండూ అయిదూ ఒకటీ ఎనిమిది. ఇరవై ఎనిమిదికి కలిపితే ముప్పై ఆరు. హద్దుకి బయటే ఉంటుంది."

"అంటే పక్క నంబరే."

"పక్క నంబరేనండి."

"మరి అప్పుడే అది ఎందుకు పెట్టలేదు మేస్టారూ?"

అడగడంలో నిష్ఠూరం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. చిన్న అంకెల నుంచి కూడుకుంటూ వచ్చి, నలభై నాలుగు బాగుందని అక్కడే ఆగిపోయానని చెప్పాను. ఆయన తలూపారు. "అనుమానం నాదండీ," అన్నారు. "నేను అడక్కుండా ఉండాల్సింది." అది నా తప్పుని తగ్గించదు. ఆయన అడిగింది మొత్తం తొమ్మిది రావాలనే. 44 ఎంచుకున్నది నేను.

సర్వర్‌కి 251 పెట్టాను. పేర్ల పట్టికలో మార్చాను. స్టూలు పక్కన ఒక పాత తెరా, కీబోర్డూ తెచ్చి తగిలించాను. ఇప్పటికీ ఉన్నాయి.

మూడు వారాల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చింది, పెద్ద చెరువు శాంపిల్‌తో. ఆ వేళ నేను అక్కడే ఉన్నాను. ముందు టీవీ వంక చూసింది.

"దీన్ని ఇంకా ఉంచారాండి? నేనైతే చెరువులో పడేసేదాన్ని."

"దాని తప్పేం లేదమ్మా. దానికిచ్చింది అది తీసుకుంది."

ఎలా ఉందని అడిగాను. పెద్ద చెరువు నిలబడింది, కిలోకి అరవైలోకి వచ్చాయి అంది. చిన్న చెరువు సగం పైన దక్కింది. వలలు దిగేసరికే గట్టు వెంట కొన్ని చచ్చి తేలి ఉన్నాయట.

నాకు అడగకుండా ఉండటం చేత కాలేదు. "గంట ముందు చెప్పి ఉంటే ఆ తేలినవి దక్కేవా అమ్మా?"

ఆవిడ ఆలోచించింది. ఊరికే మాట దాటవేయడానికి కాదు, నిజంగానే లెక్క వేసుకున్నట్టు కళ్ళు పైకెత్తింది.

"కొన్ని దక్కుండేవి. ఎన్నంటే మటుకు ఎవరు చెప్పగలరండి? తెల్లారకుండా తేలాయో, వలోళ్ళు టీ తాగుతుండగా తేలాయో. నేనక్కడ లేను కదా."

"నేను తెర గురించి ముందే ఆలోచించాల్సింది."

"మీరు తవ్వుకుంటూ పోతన్నారు, నేనూ చూస్తానే కూర్చున్నా. నాకూ గంట పట్టింది కదండీ, అడగడానికి," అంది. థర్మోకోల్ పెట్టె గుర్తొచ్చి, "నా పెట్టె ఇక్కడే వదిలేశానండి," అంటే రిసెప్షన్ అమ్మాయి బల్ల కింద నుంచి తీసి ఇచ్చింది. కొత్త శాంపిల్‌కి అంకె పడింది. ఆవిడ ఆ డబ్బా చేతిలోకి తీసుకుని అంకె చూసి, నా వైపు తిరిగి, నోట్లోనే రెండుసార్లు చదువుకుంది.

రైతు తన అంకె చూడకూడదన్నది లాబ్ పద్ధతి. పెట్టింది మేమే. ఆవిడ చదవడం అయ్యేదాకా ఆగి డబ్బా అందుకున్నాను.

నా పుస్తకంలో ఆ రోజు పేజీ అలాగే ఉంది. నాలుగు, ఏడు, ముప్పై ఎనిమిది, అయిదు. కింద 251. ఐస్ ఫ్యాక్టరీలో అయితే ఎక్కినవాటిలోంచి విరిగినవీ మిగిలినవీ తీసేస్తే దారిలో కరిగినవి ఎన్నన్నది తేలేది. పది గంటలకీ పదకొండుకీ మధ్య ఆ గట్టు వెంట తేలినవి ఎన్నన్నది రాయడానికి ఒక గీత గీసి ఉంచాను. దాని మీద ఏమీ రాయలేదు.